పచ్చబొట్టు పొలుసు రాలుతోందా? చేతులు కట్టుకొని కూర్చోండి!

గత దసరా వెళ్లిన వారం రోజులకు మా వీధిలోని ఒక ఇల్లాలు పందొమ్మిదేళ్ల కుమారుణ్ణి వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. నేను వైద్యుడను కాను. విజయనగరంలో ముప్పై సంవత్సరాలు తెలుగు, సంస్కృతం బోధించి విశ్రాంతి తీసుకున్నవాడిని. ఆయుర్వేద గ్రంథాలు చదవడం, ఇంటి వైద్యం గురించి నలుగురికీ చెప్పడం నాకున్న వ్యసనం. అందువల్ల దగ్గు వచ్చినా, దద్దురు వచ్చినా మా వీధివారు ముందుగా మా అరుగు మీదికే వస్తారు.

"మాస్టారూ, వీడి భుజం చూడండి. నా పేరే పచ్చబొట్టు వేయించుకున్నాడట. వద్దురా అనేలోపే అయిపోయింది. ఇప్పుడేమో చర్మం పాము కుబుసంలా ఊడి వచ్చేస్తోంది. కొన్నిచోట్ల పక్కు కట్టింది. ఏం రాయమంటారు?" అని ఆమె అడిగింది.

అబ్బాయి తల వంచుకొని నిలబడ్డాడు. భుజం మీద ఎడమవైపు అక్షరాలు పలుచగా పొలుసు రాలుతున్నాయి. కుడివైపు అక్షరాల మీద మాత్రం పసుపు రంగు కలిసిన మందపాటి పక్కు బిగిసి ఉన్నది. ఇంతవరకు ఏమేమి రాశారని అడిగాను. మొదటి రోజు కొబ్బరినూనెలో పసుపు. రెండవ రోజు వేపాకు ముద్ద. మూడవ రోజు పక్కింటి పెద్దావిడ మాట మీద సున్నం కలిపిన పసుపు. నాలుగవ రోజు ఏమీ తోచక మందుల దుకాణంలో ఇచ్చిన ఏదో గొట్టం మందు. ఆ మరునాడు స్నానంలో సున్నిపిండితో రుద్ది పక్కు వదలగొట్టాలని ఆమె ఆలోచన. "అది ఒక్కటీ మిమ్మల్ని అడిగి చేద్దామని ఆగాను మాస్టారూ" అన్నది.

ఆమె ఆగడమే ఆ బిడ్డ చేసుకున్న అదృష్టం. ఆమె అడిగిన ప్రశ్న నేడు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అనేక మధ్యతరగతి ఇళ్లలో తలెత్తుతున్నది. ఒకప్పుడు ముసలమ్మల చేతుల మీద మాత్రమే కనిపించిన పచ్చబొట్టు ఇప్పుడు కళాశాల విద్యార్థుల మెడల మీద, మణికట్ల మీద కనిపిస్తున్నది. వేయించుకోవాలా, వద్దా అన్నది వేరే చర్చ. వేయించుకున్న తరువాత రెండు మూడు వారాలు ఇంట్లో ఏం చేయాలన్న విషయమై మాత్రం నా అభిప్రాయం నిష్కర్షగా చెప్పదలచుకున్నాను. పొలుసు రాలడం రోగం కాదు. దానికి మందు లేదు, అవసరమూ లేదు. మనం ప్రేమతో చేసే వైద్యమే చాలాసార్లు దానిని రోగంగా మారుస్తున్నది.

నేను చేసిన పొరపాటు

ఈ మాట చెప్పే అర్హత నాకు నా తప్పు వల్లనే వచ్చింది. కొన్నేళ్ల క్రితం శ్రీకాకుళంలో చదువుకుంటున్న నా మేనకోడలు మణికట్టు మీద చిన్న పూలతీగ వేయించుకొని, నాలుగవ నాడు మంట, దురద అని కబురు చేసింది. నేను గొప్పగా వేపాకు, పచ్చిపసుపు కలిపి నూరించి, దట్టంగా పట్టించమని చెప్పాను. ఆ ముద్ద గాయం మీది రసితో కలిసి ఎండి పెంకులాగా బిగిసింది. రాత్రి నిద్రలో దుప్పటికి అంటుకొని, తెల్లవారి లాగేసరికి పక్కు మొత్తం చర్మంతో సహా లేచి వచ్చింది. చీము పట్టింది. వారం రోజులు ఆస్పత్రి మందులు మింగవలసి వచ్చింది. గాయం మానింది గాని, ఆ తీగలో రెండు ఆకులు ఇప్పటికీ లేవు. వాటి చోట తెల్లని మచ్చలున్నాయి. "మావయ్యా, ఇవి నువ్వు కోసిన ఆకులు" అని ఆ పిల్ల నవ్వుతుంది. నాకు మాత్రం నవ్వు రాదు.

పసుపు, వేప గుణం లేనివని నేను చెప్పడం లేదు. వాటిని ఎక్కడ, ఎప్పుడు, ఏ రూపంలో వాడాలో తెలియకపోవడమే దోషం. వంటింటి పసుపు డబ్బాలో ఎన్ని చేతులు పడతాయో మనకు తెలుసు. నూరురాయి మీద నిన్నటి పచ్చడి మిగిలి ఉంటుంది. వేపాకు మీద వీధి దుమ్ము ఉంటుంది. పై తోలు సరిగా ఉన్నప్పుడు ఇవన్నీ మనలను ఏమీ చేయవు. సూది వేలసార్లు దిగిన చర్మం తలుపులు తెరచిన ఇల్లు వంటిది. పైగా కొందరి చర్మానికి పసుపు పడదు, ఎర్రని దద్దురు లేపుతుంది. సున్నమైతే ఘాటైన క్షారం, పచ్చిగాయాన్ని కాలుస్తుంది.

లోపల జరిగేదేమిటి?

మన చర్మంలో పైన పలుచని బాహ్యచర్మం, దాని క్రింద దళసరి అంతశ్చర్మం ఉంటాయి. పచ్చబొట్టు సూది రమారమి 1 నుండి 2 మిల్లీమీటర్ల లోతున, అంటే అంతశ్చర్మంలో, రంగును నిలుపుతుంది. పై పొర నాలుగు వారాలకు ఒకసారి తనంతట తాను మారిపోయేది కనుక రంగు అక్కడ ఉంటే నెలలోనే పోయేది. క్రింది పొరలో దిగిన రంగు రేణువులను శరీరంలోని రక్షక కణాలు పరాయి వస్తువులుగా భావించి మింగుతాయి. కాని అరిగించుకోలేవు. కడుపులో రంగు పెట్టుకొని అక్కడే కూర్చుండిపోతాయి. ఆ కణం చనిపోతే విడుదలైన రంగును మరొక కణం అందుకుంటుందని 2018లో ఫ్రాన్సు శాస్త్రజ్ఞులు ఎలుకలపై చేసిన పరిశోధనలో చూపించారు. పచ్చబొట్టు జీవితాంతం నిలవడానికి రహస్యం ఇదే.

సూది దెబ్బలకు చెదిరిన పై పొర సంగతి వేరు. మొదటి రెండు మూడు రోజులు ఎర్రదనం, కొద్దిపాటి వాపు, పలుచని రసి ఉంటాయి. నాలుగవ రోజు నుండి చచ్చిన పై పొర ఎండి పొలుసులుగా రాలడం మొదలవుతుంది. దురద పుడుతుంది. రాలే పొలుసులో రంగు కనిపిస్తుంది. అది చూసి బొట్టే ఊడిపోతున్నదని కంగారు పడతారు. అది పై పొరలో చిక్కుకున్న అదనపు రంగు మాత్రమే. సాధారణంగా రెండు మూడు వారాలలో రాలడం ముగుస్తుంది. ఆ తరువాత కొన్నాళ్లు చర్మం మసకగా, మెరుపుగా కనిపించి క్రమేణా తేటపడుతుంది.

అక్కడక్కడ పలుచని పక్కు కట్టడం కూడా సహజమే. పక్కు అంటే శరీరం తన గాయానికి తానే వేసుకున్న మూత. దాని క్రింద కొత్త చర్మం అల్లుకుంటూ ఉంటుంది. గడువు రాకముందే గోటితో లేపితే అల్లిక తెగిపోతుంది, గోటి మురికి లోపలికి దిగుతుంది, రంగు చెదరుతుంది, మచ్చ మిగులుతుంది. పక్కు మందంగా కట్టిందంటే ఒకే చోట సూది ఎక్కువసార్లు దిగి ఉండాలి, లేదా రసి తుడవకుండా ఎండనిచ్చి ఉండాలి, లేదా నావంటి మేనమామ ఎవరో ముద్ద పట్టించి ఉండాలి.

శుశ్రుతుడు చెప్పినది

మన శాస్త్రం ఈ విషయంలో ఎంత జాగ్రత్తగా ఉన్నదో చూడండి. శుశ్రుతసంహిత సూత్రస్థానంలో మానుతున్న వ్రణానికి లక్షణాలు చెబుతూ, అంచులు పావురపు వన్నెలో ఉండాలని, తడి ఉండరాదని, పొలుసులు కట్టి ఉండాలని పేర్కొన్నాడు. ఆ పొలుసులకు ఆయన వాడిన మాట 'చిపిటికలు'. అంటే మన ఇల్లాళ్లను భయపెడుతున్న పొలుసును ఆ మహానుభావుడు వైద్యుడు సంతోషించవలసిన శుభలక్షణంగా లెక్కించాడు.

వ్రణితోపాసనీయం అనే 19వ అధ్యాయంలో గాయపడినవాడు ఉండవలసిన గది మొదలుకొని తినవలసిన ఆహారం వరకు చెప్పాడు. అక్కడ గాయాన్ని కదపరాదు, పొడవరాదు, గోకరాదు అని విధించి, చామరంతో మెల్లగా విసరమన్నాడు. దురదకు గోరు కాదు, గాలి మందు అని దాని భావం. ఇంతకంటే చవకైన ఇంటి చిట్కా ఏ పుస్తకంలోనైనా ఉన్నదా? మన ఇళ్లలో తాటాకు విసనకర్ర ఉండనే ఉన్నది. లేకుంటే ఉతికిన పలుచని గుడ్డను చల్లని మంచినీటిలో ముంచి, పిండి, ఒక్క నిమిషం అద్దవచ్చు.

పెద్దగాయాలకు తేనె, నెయ్యి వంటివి శుశ్రుతుడు చెప్పిన మాట నిజమే. అవి వైద్యుడు చూసి, శోధించి, కట్టు కట్టి చేసే చికిత్సలు. గ్రంథంలో ఉన్నది గదా అని దుకాణంలోని తేనె సీసా తెచ్చి భుజం మీద ఒంపుకోవడం శాస్త్రం కాదు.

మా నాయనమ్మ కాలంలో

"పూర్వం పసుపే గదా రాసేవారు" అనే ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. నాగావళి ఒడ్డున మా స్వగ్రామంలో మా నాయనమ్మ ముంజేతి మీద తులసికోట, నుదుట చుక్క ఉండేవి. "చచ్చేక వెంట వచ్చే నగ ఇదొక్కటే" అనేది ఆమె. పచ్చబొట్లు పొడవడం దక్షిణదేశంలో చాలాచోట్ల ఎరుకల స్త్రీల వృత్తి. పసుపు, ఆకు నూరి గుడ్డకు పట్టించి, వత్తి చేసి, ఆముదపు దీపంలో వెలిగించి, పైన కొత్త కుండ బోర్లించి మసి పట్టేవారు. ఆ మసిని చనుబాలతోనో నీటితోనో రంగరించి సూదులతో పొడిచేవారు. ఆ తరువాత వాపు తగ్గడానికి పసుపు అద్దేవారు.

ఆ పద్ధతిలో కొంత వివేకం ఉన్నది. రంగు వట్టి మసి. బొట్టు చిన్నది, చుక్కలు తక్కువ, గాయం స్వల్పం. నేడు యంత్రంతో అరచేయంత మేర నింపే పనికి, దానికి పోలిక లేదు. ఈనాటి రంగుల్లో కొన్ని రసాయనాలు చర్మానికి పడవు. ముఖ్యంగా ఎర్రరంగు కొందరికి నెలల తరువాత కూడా దద్దురు, దురద తెస్తుంది. ఐరోపా సంఘం 2022 జనవరి నుండి పచ్చబొట్టు సిరాలలోని వేలాది రసాయనాలపై ఆంక్షలు పెట్టింది. ఇంకొక మాట. పూర్వం అందరికీ బాగానే మానిందని మనం అనుకుంటాం. మానినవారి చేతులే మనకు కనిపించాయి. చీము పట్టి, జ్వరం వచ్చి పోయినవారి లెక్క ఏ ఊరి కరణమూ రాయలేదు.

ఇంట్లో చేయవలసినది

చేయవలసిన పని చాలా స్వల్పం. చేతులు సబ్బుతో కడుక్కొని, రోజుకు రెండుసార్లు వాసన లేని మెత్తని సబ్బు నురగతో, శుభ్రమైన నీటితో బొట్టును మెల్లగా కడగాలి. ఉతికి ఎండిన పలుచని గుడ్డతో అద్దాలి గాని తుడవరాదు. ఆరిన తరువాత వాసన, రంగు కలపని నీటి ఆధారపు క్రీము పలుచగా, కనిపించీ కనిపించనంతగా రాయాలి. దట్టంగా రాస్తే చర్మం నాని పక్కు మెత్తబడి లేచిపోతుంది. వదులైన నూలు బట్టలు ధరించాలి. ఎండ తగలనీయరాదు. పక్కు బట్టకు అంటుకుంటే లాగకుండా నీటితో తడిపి, నానిన తరువాత విడదీయాలి. నలుగు, సున్నిపిండి, పీచు, ముల్తానీ మట్టి ఆ చోటికి నెల రోజులు నిషిద్ధం. కొబ్బరినూనె అంటే ప్రాణం అనేవారు పొలుసు పూర్తిగా రాలి, చర్మం మూసుకున్న తరువాత సంతోషంగా రాసుకోవచ్చు.

పథ్యం విషయమై మన జిల్లాలలో ఒక పట్టింపు ఉన్నది. పప్పు తింటే చీము పడుతుందని పచ్చబొట్టు వేయించుకున్నవారికి పక్షం రోజులు చారు అన్నమే పెడతారు. శుశ్రుతుడు పెద్ద వ్రణాలకు మినుములు, నువ్వులు, పులుపు, కారం వంటివి అపథ్యమన్న మాట వాస్తవం. కాని కొత్త చర్మం అల్లుకోవడానికి మాంసకృత్తులు కావాలి. పెసరపప్పు కట్టు, పాలు, అలవాటున్నవారికి గుడ్డు, ఉసిరి, జామ చక్కగా ఇవ్వవచ్చు. చీము పప్పువల్ల రాదు, మురికివల్ల వస్తుంది.

మానేవరకు చెరువు స్నానం, ఏటి స్నానం, సముద్ర స్నానం వద్దు. కళింగపట్నం తీరానికో, చింతపల్లి తీరానికో విహారానికి వెళ్లిన పిల్లలు ఈ మాట వినరు. కాలేయ వ్యాధి ఉన్న ఒక వ్యక్తి పచ్చబొట్టు వేయించుకున్న ఐదు రోజులకు అమెరికా ప్రక్కనున్న మెక్సికో సింధుశాఖలో ఈది, ఉప్పునీటిలోని సూక్ష్మజీవి గాయంలో ప్రవేశించి, రెండు నెలల చికిత్స తరువాత మరణించిన వైనం 2017లో వైద్య పత్రికలో ప్రచురితమైంది. అటువంటిది అరుదు. అయినా రెండు మూడు వారాలు ఆగితే పోయేదేమీ లేదు.

నొప్పికి మాత్రలు మింగేవారు, ముఖ్యంగా మూత్రపిండాల వ్యాధి పీడిస్తున్న ఉద్దానం ప్రాంతంవారు, వైద్యుణ్ణి అడగకుండా నొప్పి మాత్రల జోలికి పోరాదు. పచ్చబొట్టు నొప్పి రెండు రోజుల్లో తనంతట తాను పోతుంది.

ఎప్పుడు ఆస్పత్రికి వెళ్లాలి?

ఎర్రదనం తగ్గవలసింది పోయి రోజురోజుకూ విస్తరించడం, వేడి, పొంగిన వాపు, పచ్చని చీము, దుర్వాసన, గాయం నుండి గుండెవైపు ఎర్రని చార పాకడం, జ్వరం, చలి. వీటిలో ఏది కనిపించినా ఇంటి వైద్యం ఆపి, వెంటనే వైద్యుని వద్దకు వెళ్లాలి. మధుమేహం ఉన్నవారు మరింత తొందరపడాలి. "మరొక్క రోజు చూద్దాం" అనే మాట ఇక్కడ పనికిరాదు.

వేయించుకోకముందే చూడవలసినది సూది. జాతరలలో చెట్టు క్రింద బ్యాటరీ యంత్రంతో ఒకే సూదిని, ఒకే సిరా గిన్నెను పదిమందికి వాడడం నేను కళ్లారా చూశాను. ఆ సూది ఒకరి రక్తాన్ని మరొకరికి చేరుస్తుంది. పచ్చకామెర్లు తెచ్చే హెపటైటిస్ బి, సి క్రిములు ఆ దారిన వస్తాయి. బి క్రిమి ఎండిన రక్తపు మరకలో వారం రోజులైనా బ్రతికి ఉండగలదు. దానిని గుడ్డతో తుడిస్తే చాలదు. మన ఎదుట చించిన కొత్త సూది, ఒక్కరికే పోసిన సిరా, చేతికి కొత్త తొడుగులు లేకుంటే లేచి వచ్చేయడం మేలు. వేయించుకున్నవారు ఏడాదిపాటు రక్తదానం చేయరాదన్న నియమం కూడా అందుకే ఉన్నది.

ఆ అబ్బాయి అసలు ప్రశ్న

అమ్మకు ఈ విషయాలన్నీ చెప్పి పంపాను. ఆ సాయంత్రం అబ్బాయి ఒంటరిగా వచ్చాడు. "మాస్టారూ, పక్కు మొత్తం గోకేస్తే రంగు పోతుందంట గదా? పోకపోతే జీడి రసం రాస్తే పోతుందంట. నిజమేనా?" అన్నాడు.

అప్పుడు నాకు విషయం బోధపడింది. ఆ పిల్లవాడు మూడు నెలలుగా తెల్లవారకముందే లేచి పరుగులు తీస్తున్నాడు. సైన్యంలో చేరాలని. మన రెండు జిల్లాలలో ఏ రోడ్డు మీద చూసినా చీకటి ఉండగానే పరుగెత్తే కుర్రవాళ్లు కనిపిస్తారు. ఆ పరుగు వెనుక ఒక్కొక్క ఇంటి ఆశ ఉంటుంది. సైన్య నియామక నిబంధనల ప్రకారం శాశ్వతమైన పచ్చబొట్టు ముంజేతి లోపలివైపు, అంటే మోచేయి మడత నుండి మణికట్టు వరకు, లేదా చేతి వెనుకభాగాన మాత్రమే ఉండవచ్చు. ఆచారం ప్రకారం వేయించుకునే గిరిజనుల విషయంలో సడలింపు ఉన్నది. భుజం మీద ఉంటే ఒప్పుకోరు. ఈ సంగతి అతనికి వేయించుకున్న తరువాత స్నేహితుడు చెప్పాడట. తల్లికి చెప్పే ధైర్యం లేదు. ఆమె పేరే గదా!

నేను అతనికి చెప్పినదే మీకూ చెబుతున్నాను. పక్కు గోకితే రంగు పోదు. రంగు ఉన్నది క్రింది పొరలో. సగం చెరిగిన బొట్టు, దానిపై మచ్చ, రెండూ మిగులుతాయి. జీడి రసం సంగతి పలాస ప్రాంతంలో జీడిపిక్కలు ఒలిచే ఆడవారి చేతులను అడగండి. అది తోలును కాల్చి బొబ్బలెక్కిస్తుంది. చెరిపించదలచుకుంటే చర్మం పూర్తిగా మానిన తరువాత చర్మవైద్యుని వద్ద లేజరు చికిత్స ఉన్నది. అది వారాల తరబడి ఎడం ఇచ్చి అనేకసార్లు చేయవలసినది, ఖర్చుతో కూడినది, పూర్తిగా పోతుందన్న హామీ లేనిది. ఏ దారికైనా మొదటి మెట్టు ఒక్కటే. ఇప్పుడు దానిని ముట్టుకోకుండా మాననివ్వడం.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటి. పిల్లలు పచ్చబొట్టు అనగానే కోపంతో నోరు మూయించకండి. ఏ భాగాన, ఏ సూదితో, ఏ ఉద్యోగం కోరేవాడు వేయించుకోవచ్చో ముందే కూర్చోబెట్టి చెప్పండి. చెప్పనివ్వని ఇంట్లో పిల్లలు దాచిపెట్టి వేయించుకుంటారు, దాచిపెట్టి గోక్కుంటారు, చీము పట్టాకనే చూపిస్తారు. అలాగే సీతంపేట, కురుపాం కొండల నుండి సంతకు దిగే సవర, జాతాపు అవ్వల ఒంటిమీది బొట్లను చూసి మన పిల్లలు నవ్వితే వారించండి. మనం ఈనాడు డబ్బు పోసి కొనుక్కుంటున్న ముచ్చట వారికి తరతరాల ఆచారం.

ఆ అబ్బాయి నా మాట విన్నాడు. తల్లికి సంగతి చెప్పాడు. ఆమె రెండు రోజులు ఏడ్చి, మూడవ రోజు విసనకర్ర పట్టుకున్నది. పద్దెనిమిదవ రోజుకు చివరి పక్కు స్నానంలో తనంతట తానే జారిపోయింది. క్రింద ఆమె పేరు ఒక్క గీత చెదరకుండా ఉన్నది. లేజరుకు వెళ్లాలా, వేరే ఉద్యోగానికి చదవాలా అన్నది ఇప్పుడు తల్లీకొడుకులు కలిసి ఆలోచించుకుంటున్నారు. ఆలోచించడానికి ఆరోగ్యమైన భుజం ఒకటి మిగిలింది. మన ఇంటి వైద్యం ఆ మాత్రం చేయగలిగితే చాలు.